జేనుబండకు లోటు లేదు

కృష్ణగిరి,
9 నవంబరు 2025

కొండప్ప మామకు, నీ అక్క కూతురు కలైవాణి దండం పెట్టి రాస్తున్నది.

ఫోనులున్న కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మీ జేనుబండలో సిగ్నలు కావాలంటే బండ నెత్తికెక్కి చెయ్యి పైకెత్తాలి. అట్లా ఎక్కి నువ్వు మాట్లాడితే నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అందుకే ఈ కాగితం అంచెట్టి బస్సు కండక్టరు సెల్వం చేతికి ఇస్తున్నాను. చెక్‌పోస్టు దగ్గర టీకొట్టులో పెడతాడు. కిందికి దిగినవాళ్లెవరైనా పైకి తెస్తారు.

నాకు ఉద్యోగం వచ్చింది మామా. కృష్ణగిరి కొండ కింద ఒక పాత మేడలో మా ఆఫీసు. మధ్యాహ్నం దాటితే కొండ నీడ మెల్లగా కిటికీలోంచి లోపలికి వస్తుంది, అందరికీ కళ్లు మూతలు పడతాయి. పనేమిటంటావా? కొండ ఊళ్ల రోడ్లకని ఐదేళ్లకొకసారి ఒక నిధి వస్తుంది. దాన్ని పద్దెనిమిది ఊళ్ల మధ్య ఎట్లా పంచితే న్యాయమో ఆలోచించి పైవాళ్లకు చెప్పాలి. ఆ పద్దెనిమిదిలో జేనుబండ కూడా ఉంది.

ఇది చదవగానే మద్దమ్మత్త శక్తికి కొత్త సంచీ కొనేస్తుందని నాకు తెలుసు. తొందరపడవద్దని చెప్పు. శక్తి పదో తరగతి పాసై ఆరు నెలలుగా ఇంట్లో కూర్చుందనీ, తోడు నడిచే ఇద్దరు పిల్లల కుటుంబాలూ హోసూరు ఫ్యాక్టరీలకు పోయాయనీ, ఏనుగులు తిరిగే దారిలో ఐదు కిలోమీటర్లు పిల్లను ఒంటరిగా పంపలేవనీ నాకు తెలియనిది కాదు. రోడ్డు పడి బస్సు వస్తేనే అది ప్లస్ వన్‌లో చేరుతుంది. కానీ చుట్టాలున్న ఊరి కాగితాన్ని మేము ముట్టుకోకూడదు, ఆఫీసు నియమం. జేనుబండ కాగితం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఈ పంపకం ఇవాళ్టిది కాదు మామా. నూరేళ్ల కిందట తెల్లవాళ్లు ఏ రాష్ట్రం ఢిల్లీకి ఎంత కట్టాలో నిర్ణయించినప్పుడు మన మద్రాసు మీద అందరికంటే ఎక్కువ వేశారు. మనవాళ్లు ఏళ్ల తరబడి గొణిగారు. స్వాతంత్ర్యం వచ్చాక, ఐదేళ్లకొకసారి ఆర్థిక సంఘం అని ఒకటి కూర్చుని రాష్ట్రాలకు పాళ్లు తేల్చాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1951 నుంచి సంఘం తర్వాత సంఘం కూర్చుంటూనే ఉంది. జనం ఎక్కువున్న చోటికి ఎక్కువ ఇవ్వాలా, పేదలున్న చోటికా, పన్ను ఎక్కువ కట్టిన చోటికా? ఇప్పటికీ తేలలేదు. ఆ పాత నివేదికలు చదువుతూ కునుకు తీస్తే నాకొక కల వస్తుంది. ఊరూరి పన్నూ ఆవిరై పైకి పోయి మబ్బవుతుంది, మళ్లీ కురవడానికి బయలుదేరుతుంది. డెంకణికోట దాటి, అంచెట్టి దాటి, మీ బండ మీదికి వచ్చేసరికి నాకు మెలకువ వస్తుంది.

శక్తిని నా గదికి పంపితే కృష్ణగిరిలోనే చేర్పిస్తానని మే నెలలో చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను.

నీ
కలైవాణి

*

జేనుబండ,
23 నవంబరు 2025

పాపా కలైవాణికి మామ దీవెనలు.

నీ ఉత్తరం పదకొండు రోజులకు చేరింది. టీకొట్టువాడు అందులో బోండాలు చుట్టబోతుంటే ఎదురింటి కాళమ్మ లాక్కుందట. మీ ఆర్థిక సంఘం మీద నూనె మరక పడింది, ఏమీ అనుకోవద్దు. ఉత్తరమంటే పుస్తకం తెలుగులోనే రాయాలని హోసూరు బడిలో శేషప్ప అయ్యవారు చెవి మెలిపెట్టి నేర్పారు. మాట్లాడినట్టు రాస్తే ఆయన ఈనాటికీ కలలోకి బెత్తం పట్టుకుని వస్తారు. అందుకే ఇంత మర్యాదగా రాస్తున్నాను, భయపడకు.

రాగిచేను సగం ఏనుగులు తిన్నాయి. పొద్దున మంచులో చూస్తే ఒక గున్న ఏనుగు మన వాకిట్లో నిలబడి ఉంది. మీ అత్త తిడుతుందేమో అనుకున్నాను. ‘ఆకలై వచ్చినావేమప్పా, పో, మీయమ్మ ఎదురు చూస్తా ఉంటాది’ అన్నది. అది నిజంగానే పోయింది. ఇన్నేళ్లలో నన్ను ఒక్కనాడు అంత నెమ్మదిగా పలకరించలేదు మహాతల్లి.

మీ ఢిల్లీవాళ్లు డెబ్బై ఏళ్లుగా తేల్చలేకపోతున్నారన్నావు. మారెమ్మ జాతరకు వచ్చి చూడమను. మేకను కోసి, ముత్తుగాకుల మీద ఇంటికొక పోగు వేస్తాం. పోగులు వేసినవాడి ఇంటికి ఆఖరి పోగు. అందుకే వాడు ఒక్క ఎముక కూడా ఎక్కువ తక్కువ కానివ్వడు. నేను పోగులకు వీపు పెట్టి కూర్చుంటాను. ఒకడు కట్టెతో ఒక పోగును తాకి ‘ఇది ఎవురిదప్పా?’ అంటాడు. నేను నోటికొచ్చిన ఇంటి పేరు చెబుతాను. ఏ పోగు ఎట్లా ఉందో నాకు కనబడదు, నేను ఎవరి పేరు చెబుతానో వాడికి తెలియదు. బాలింత ఉన్న ఇంటికి కార్జం అదనం. తాళం వేసి హోసూరు పోయిన పంతొమ్మిది ఇళ్లకూ పోగు ఉంటుంది. ఆ ఇంటి కప్పు కనిపెట్టుకుని ఉండే పక్కింటివాళ్లు తీసుకుంటారు. ఇంతవరకు ఒక్క గొడవ లేదు. మీ ఆఫీసువాళ్లకు చెప్పు, ఫీజు అడగనులే.

శక్తి సంగతి. మేనకోడలి గదిలో పెట్టి పిల్లను చదివించుకునే గతి కొండప్పకు ఇంకా పట్టలేదు. నలుగురూ ఏమనుకుంటారు? బస్సు రానీ, మా ఇంటి గడపలోంచే బడికి పోతుంది.

ఇంకొక మాట. కెలమంగలం నుంచి అక్క కబురు చేసింది. పట్టుపురుగులకు ఆకు కోయడానికే తీరిక లేదట, నీ పెళ్లి సంగతి నన్ను అడగమన్నది. నీకు ఇరవై ఏడు నిండాయి. మీ నాయన లేడు, మంచీచెడ్డా చూడవలసినవాణ్ణి నేనే. ఎవరైనా ఉంటే దాచకుండా రాయి.

మామ
కొండప్ప

*

కృష్ణగిరి,
5 డిసెంబరు 2025

మామకు,

నీ పోగుల సంగతి భోజనాల వేళ ఆఫీసులో చదివి వినిపించాను. మా పెద్దాయన చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి విన్నారు. తాళం ఇళ్లకు పోగు పెడతారన్నది ఆయనకు బాగా నచ్చింది. ఢిల్లీలో కూడా అట్లాంటిదే ఒకటి చేశారట. కుటుంబాలు చిన్నవి చేసుకున్న రాష్ట్రాలకు పాలు తగ్గిపోకూడదని, 1971 నాటి జనాభా లెక్కనే చాలా ఏళ్లు పట్టుకుని పంచారు. ఆ తర్వాత మార్చారు, దాని మీద ఇప్పటికీ తగువే.

నిన్న మధ్యాహ్నం మళ్లీ కునుకు పట్టింది. కలలో నువ్వు మా టేబుల్ మీద అటు తిరిగి కూర్చున్నావు. వెనక దేశమంతా ముత్తుగాకుల మీద పరిచి ఉంది. ఎవరో కట్టెతో తాకి అడుగుతున్నారు. నువ్వు మాత్రం మాట్లాడటం లేదు.

పెళ్లి మాట తర్వాత మామా. ముందు, పద్నాలుగో తేదీ ఆదివారం విష్ణువర్ధన్ గారు జేనుబండకు వస్తారు. ఎందుకు వస్తున్నారో నేను ముందుగా రాయకూడదు. నాతో పనిచేస్తారు. నంద్యాల దగ్గరి వాళ్లు, ఆయన ఉండేది హోసూరులో. నెమ్మదస్తుడు. ఇంటింటికీ వచ్చి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన ఏం రాసుకుని వస్తారో దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఇంతకంటే రాస్తే తప్పు. నీకే అర్థమవుతుంది.

కలైవాణి

*

జేనుబండ,
16 డిసెంబరు 2025

బంగారు పాపకు,

నీ పరువు నిలబెట్టాం. హాయిగా నిద్రపో.

నువ్వు సిగ్గుపడి రాయలేకపోతే మాత్రం నాకు అర్థం కాదా? పెళ్లి మాట అడిగితే తర్వాత అని దాటేసి, ఆ వెంటనే అబ్బాయి పేరు రాశావు. ఎందుకు వస్తున్నాడో రాయకూడదన్నావు. మీ అత్తకు చదివి వినిపిస్తే, ‘ఇంకేం కావాలప్పా, పిల్లే చెప్పేసినాది కదా!’ అని కళ్లు తుడుచుకున్నది.

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు. పిచ్చిపిల్లా, సంబంధానికి వచ్చినవాళ్లతో ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెబుతారా? ముప్పై నాలుగు ఇళ్లవాళ్లమూ మారెమ్మ గుడి ముందు కూర్చున్నాం. తండ్రి లేని పిల్ల, మేనమామ ఊరు పేదదని తెలిస్తే చులకన అవుతుంది, ఒక్క ఇంట్లోనూ లేదనే మాట రాకూడదని తీర్మానించుకున్నాం. అంచెట్టి ముత్తప్ప తన ట్రాక్టరు ఇచ్చాడు. రాళ్లదారిలో సగం దూరం ఎడ్లతో లాగించి మన వాకిట్లో నిలబెట్టాం. కుర్చీలు చెక్‌పోస్టు టీకొట్టువి.

అబ్బాయి నడుచుకుంటూ వచ్చాడు పాపం. ‘బస్సు లేదా అండీ?’ అని అడిగాడు. ‘వాకిట్లోకే వస్తాదప్పా, ఈ పొద్దే రిపేరు’ అన్నాను. ఎంత బాగా మాట్లాడతాడే! రేడియోలో వార్తలు చదివినట్టే ఉంది. ఇల్లు మట్టిదా, సిమెంటుదా, పశువులెన్ని, నీళ్లెక్కడివి, వారంలో ఎన్ని పూటలు అన్నం అని అన్నీ అడిగాడు. పెళ్లివాళ్లు అడిగేవే అన్నీ, కాకపోతే ఈయన రాసుకున్నాడు. చదువుకున్నవాడు కదా అనుకున్నాం. నీళ్ల సంగతి అడిగితే మీ అత్త, ‘తెచ్చేదేముండాది, ఇంట్లోనే కొళాయి’ అన్నది. చూపించమంటాడేమోనని నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను. అడగలేదు, మర్యాదస్తుడు. కాళమ్మ అయితే, ‘సంగటి మొగం చూసి ఏండ్లయినాదప్పా, మూడు పూటలా అన్నమే’ అని చెప్పి, లోపల పొయ్యి మీద సంగటి మాడుతుంటే తలుపు మూసింది.

శక్తిని కూడా అడిగాడు, ‘బడికి వెళ్తున్నావామ్మా?’ అని. అది నా మొహం చూసింది. నేను మీసం సవరించుకున్నాను. ‘పోతా ఉండానన్నా, బస్సులో’ అన్నది. తెలివైన పిల్ల.

నాటుకోడి కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. అతని ఇంటి పేరు, నక్షత్రం వెంటనే రాయి.

మామ

*

కృష్ణగిరి,
24 డిసెంబరు 2025

మామకు,

నీ ఉత్తరం చదివి ఆఫీసు వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మొదట కొంచెం నవ్వు కూడా వచ్చింది, దాచను. తర్వాత ఏడ్చాను.

ఆయన సంబంధానికి రాలేదు మామా. రోడ్డు కోసం వచ్చారు. ఏ ఊరికి ఏం లేదో రాసుకోవడానికి వచ్చారు. ముందే చెబితే ఊళ్లు ఉన్నదాన్ని దాచుకుంటాయని, ఎందుకు వస్తున్నామో చెప్పకూడదన్నది మా నియమం. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ఊరు ఒకటుంటుందని ఆ నియమం రాసినవాళ్లకు తోచలేదు. నాకూ తోచలేదు, నేను మీలో పుట్టిపెరిగి కూడా. తప్పు నాది.

నిన్న జాబితా గోడకు అంటించారు. పద్దెనిమిది ఊళ్లలో జేనుబండ పద్దెనిమిదోది. కొళాయి ఉంది, బస్సు ఉంది, ట్రాక్టరు ఉంది, ఆడపిల్లలు బస్సులో బడికి పోతున్నారు. చివర ఒక మాట ఉంటుంది, ‘లోటు’ అని. దాని ఎదురుగా ‘లేదు’. విష్ణువర్ధన్ గారు కళ్లారా చూశారు, రాళ్లలో నడిచే వచ్చారు. కానీ ముప్పై నాలుగు ఇళ్లు ఒకే మాట చెబితే ఆ మాటే రాయాలి. తన కంటికి కనబడినది రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

శక్తితో కూడా చెప్పించావా మామా? అది ఎంత ఆశగా నీ మొహం చూసి ఉంటుందో నాకు ఇక్కడికి కనబడుతోంది. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది.

నేను నోరు తెరవకూడదు. తెరిస్తే చుట్టరికం అంటారు, ఉన్న కాస్త మాట కూడా చెల్లదు. ఒకటే దారి. జనవరి ఇరవై ఒకటో తేదీన కృష్ణగిరిలో అన్ని ఊళ్లవాళ్లనూ పిలిచి జాబితా మీద అభ్యంతరాలు వింటారు. జేనుబండ మనిషి ఎవరైనా వచ్చి, అందరి ముందూ లేచి, మేము చెప్పింది అబద్ధమని చెప్పాలి. అట్లా చెబితే మళ్లీ విచారిస్తారు. లేకపోతే ఇంకో ఐదేళ్లు. అప్పటికి శక్తికి ఇరవై ఒకటి వస్తుంది.

కలైవాణి

*

జేనుబండ,
4 జనవరి 2026

కలైవాణికి,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించలేదు. కళ్లజోడు పగిలిందని చెప్పాను.

ముప్పై నాలుగు ఇళ్లవాళ్లు నీ కోసమే ఆ పని చేశారు. టీకొట్టు కుర్చీలు మోసి కాళమ్మ కొడుక్కి భుజం ఇంకా వాచే ఉంది. నువ్వేమో జాబితా అంటావు, తప్పు అంటావు. కోపంగా ఉందన్నావు. ఆఫీసులో నీ పక్కన కూర్చునేవాడి ముందు మేము నవ్వులపాలయ్యామని నీకు సిగ్గు. అంతే కదా? సిగ్గుపడే ఊరికి అంత ప్రేమగా ఉత్తరాలెందుకు రాశావు?

పద్దెనిమిది ఊళ్ల ముందు లేచి నాకు కొళాయి లేదు, బస్సు లేదు, ఆ ట్రాక్టరు నాది కాదు అని నేను చెప్పను. మా నాయన కరువులో గడ్డలు తవ్వుకుని తిన్నాడు. అప్పుడు కూడా వాకిట్లోకి ఎవరైనా వస్తే ‘ఇప్పుడే తిన్నాం రాప్పా’ అనేవాడు. నాకు అదొక్కటే ఆస్తి ఇచ్చి పోయాడు.

శక్తి ఆ ఉత్తరం తానే తీసి చదువుకుంది. పాత పుస్తకాలన్నీ అట్టలు వేసి అటక మీద పెట్టేసింది. అది ఏడ్చినా బాగుండేది.

పొద్దున తెల్లవారకముందు కల వచ్చింది. మంచులోంచి బస్సు వచ్చి మన వాకిట్లో ఆగింది. చప్పుడు లేదు. డ్రైవరు లేడు. లోపల తాళం ఇళ్లవాళ్లందరూ కూర్చుని ఉన్నారు. నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. ఎవరూ దిగలేదు. వెనక సీట్లో శక్తి ఉంది, జుట్టు నెరిసిపోయి.

కొండప్ప

*

కృష్ణగిరి,
9 జనవరి 2026

మామా,

సెల్వం ఇవాళ సాయంత్రమే బయలుదేరుతున్నాడు, తొందరగా రాస్తున్నాను.

నాకు సిగ్గు లేదని అబద్ధం చెప్పను. కాలేజీలో నా స్నేహితులు అడిగితే, మా మామకు రెండు బోర్లు, మామిడితోట ఉన్నాయని చెప్పాను. సెలవుల్లో వస్తామంటే ఏదో ఒక సాకు చెప్పి మూడేళ్లు తప్పించాను. విష్ణువర్ధన్ గారికి మీరు ఒక్కరోజు చెప్పారు. నేను మూడేళ్లు చెప్పాను. నీ ఆస్తిలో నాకూ పాలు వచ్చింది మామా.

కానీ ఇక్కడ రోజూ పాత నివేదికలు చదువుతున్నాను. సంఘం ముందుకు ప్రతి రాష్ట్రమూ వస్తుంది. మా కొండల్లో రోడ్డు వేయాలంటే రెట్టింపు ఖర్చు అని ఒకరు, మాకు వానలు లేవని ఒకరు, మా అడవి మేము కొట్టుకోకుండా కాస్తున్నాం, దాని వల్ల మాకు రాబడి లేదని ఒకరు. ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా పద్నాలుగో సంఘం నాటికి అడవికి కూడా కొంత పాలు ఇచ్చారు. పెద్దపెద్దవాళ్లే లేచి మాకు ఇది లేదు అని చెప్పారు. ఎవరూ దాన్ని అడుక్కోవడం అనలేదు.

రమ్మని అడగను. నీ ఇష్టం. వచ్చినా ఆ రోజు నేను హాల్లో ఉండకూడదు. నిన్ను చూడటానికి కూడా రాకూడదు, అందుకే ముందే చెబుతున్నాను. కోపం వల్ల అనుకోకు.

నీ
కలైవాణి

*

జేనుబండ,
24 జనవరి 2026

పాపా,

వెళ్లాను. పెళ్లినాటి పంచె కట్టుకుని వెళ్లాను. మీ అత్త ఎందుకని అడగలేదు, అన్నం మూట కట్టి చేతికిచ్చింది. నా కళ్లజోడు పగలలేదని దానికి మొదటి రోజే తెలుసట.

హాలు నిండా మనుషులు. ఒక్కొక్క ఊరివాళ్లూ లేచి మాకు అది లేదు, ఇది లేదు అని వరుసగా చెబుతున్నారు. అందులో ఒకాయన చేతికి మూడు ఉంగరాలున్నాయి, తాగడానికి నీళ్లు లేవంటున్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఆ తర్వాత జేనుబండ అని పిలిచారు. పక్కాయన భుజం పట్టుకుని నిలబడ్డాను.

‘సార్, మా ఊర్లో బస్సు లేదు. కొళాయి లేదు. ఊట నీళ్లు తెచ్చుకుంటాం. ట్రాక్టరు అంచెట్టి ముత్తప్పది. మా ఇండ్లల్లో సంగటే’ అన్నాను. పుస్తకం తెలుగు ఒక్క ముక్క రాలేదు.

‘మరి అప్పుడు అన్నీ ఉన్నాయని ఎందుకు చెప్పారు?’ అని అడిగారు. హాలంతా నా వైపు తిరిగింది. విష్ణువర్ధన్ గారు కాగితాలు పట్టుకుని కిటికీ పక్కన నిలబడి ఉన్నారు. ఎందుకు చెప్పామో అందరి ముందూ చెబితే నీ పేరు బయటికి వస్తుంది. ‘పొగరు సార్’ అన్నాను. అందరూ నవ్వారు. ‘నా పొగరు. ఊరోళ్లది కాదు, నేను చెప్పమంటే చెప్పినారు’ అన్నాను. విష్ణువర్ధన్ గారు ఒక్కరే నవ్వలేదు. నన్ను చూసి, కాగితం చూసి, మళ్లీ నన్ను చూశారు. ఆయనకు అప్పుడు అర్థమైందనుకుంటాను.

ఎన్ని ఇళ్లు అని అడిగారు. ముప్పై నాలుగు అని ఆపబోయాను. ఆపలేకపోయాను. తాళం వేసిన పంతొమ్మిది ఇళ్ల పేర్లూ కళ్లు మూసుకుని చెప్పాను. ఎవరిది ఎప్పుడు మూతపడిందో, ఎవరు ఏ ఫ్యాక్టరీకి పోయారో అంతా చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. కళ్లు తెరిస్తే ఎవరూ నవ్వడం లేదు. ఆఖరున, ‘మా పాప శక్తి బడికి పోవడం లేదు. పోతా ఉండానని దాని చేత నేనే చెప్పించినాను’ అన్నాను. అది చెప్పడమే కష్టమైంది.

బయటికి వచ్చాక విష్ణువర్ధన్ గారు టీ ఇప్పించి, బస్టాండు దాకా నడిచి వచ్చారు. పెళ్లి సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మంచి మనిషి. దారిలో మీ ఆఫీసు పై కిటికీలో ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించింది. నువ్వేనా? తల ఎత్తి సరిగ్గా చూడలేదు, నీకు నియమం తప్పుతుందని.

మామ

*

కృష్ణగిరి,
29 ఏప్రిల్ 2026

మామకు,

నేనే. చెయ్యి ఊపకుండా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను.

మార్చిలో మళ్లీ విచారణకు వచ్చినవాళ్లకు మీరు సంగటి పెట్టారట, ఊట దగ్గరికి తీసుకెళ్లారట. ఇవాళ కొత్త జాబితా వచ్చింది. జేనుబండ నాలుగోది. పద్దెనిమిది నుంచి నాలుగు! కాగితంలో ఒక చిన్న మార్పు కూడా చేశారు. ఇక మీదట తాళం వేసిన ఇళ్లను కూడా ఊరి ఇళ్లుగానే చూడాలని మా పెద్దాయన పట్టుబట్టారు.

కానీ మామా, మొదటి రెండేళ్లు మూడు ఊళ్లకే రోడ్లు వేస్తారు. నాలుగోది మూడో ఏడు. నీ బస్సు తప్పకుండా వస్తుంది, 2028లో వస్తుంది. శక్తికి మాత్రం రాదు. ఈ మాట ఎట్లా రాయాలో తెలియక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మొదటి మూడు ఊళ్లూ నేను చూశాను. ఒకదాంట్లో నదికి అవతల ఇళ్లు, వానాకాలం నాలుగు నెలలు ఎవరూ ఇవతలికి రాలేరు. వాళ్లను దాటి ముందు మనకు ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు. కోప్పడితే కోప్పడు.

నా గది పెద్దది కాదు. కిటికీలోంచి కొండ కనబడుతుంది. బడి నడిచిపోయేంత దూరం. మూడోసారి అడుగుతున్నాను.

విష్ణువర్ధన్ గారి సంగతి నువ్వు మళ్లీ అడగలేదు. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

కలైవాణి

*

జేనుబండ,
7 జూన్ 2026

పాపా కలైవాణికి,

ఈ ఉత్తరం శక్తి చేతికే ఇచ్చి పంపుతున్నాను. చెక్‌పోస్టు దాకా నేనూ మీ అత్తా తోడు వచ్చి బస్సు ఎక్కిస్తాం. సంచీలో రాగిపిండి, తేనె, పదో తరగతి మార్కుల కాగితం ఉన్నాయి.

నీ ఏప్రిల్ ఉత్తరం చూసి నెల రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. నదికి అవతలి ఊరంటే నాకేమిటి, నా పిల్ల నాకు ముఖ్యం కదా అనుకున్నాను. మీ అత్త ఒకటే మాట అన్నది. ‘ఊరందరి ముందర లేదని చెప్పొచ్చినావు కదప్పా, ఇంక దాచేదానికి ఏముండాది? పిల్లనన్నా పంపు.’ నలుగురూ ఏమనుకుంటారో ఇక్కడ నలుగురినీ అడిగాను. కాళమ్మ ఏడ్చి, శక్తికి తన చీర ఒకటి ఇచ్చింది. అంతే అన్నారు నలుగురూ.

విష్ణువర్ధన్ గారి సంగతి తీరిగ్గా వచ్చి అడుగుతాను. ఈసారి నీ మొహం చూసి అడుగుతాను, ఉత్తరాల్లో మనకు అచ్చిరాలేదు.

శక్తి గురించి ఒక్కటే చెప్పాలి. పెట్టిన చోట పడుకుంటుంది, చెప్పిన పని చేస్తుంది, చదువులో వంక పెట్టలేవు. కానీ అన్నం పెడితే చాలంటుంది. చలిగా ఉందా అంటే లేదంటుంది. పుస్తకం కావాలా అంటే ఉందంటుంది. దుఃఖం వస్తే కంట్లో నలుసు అంటుంది. అబద్ధం అనుకోకు, దాన్ని నేనే అట్లా పెంచాను. లేదు అనే మాట మా ఇంట్లో దానికి ఎవరూ నేర్పలేదు. అందుకని ఒక్కసారి అడిగి ఊరుకోకు పాపా. రెండోసారి అడుగు. మూడోసారి కూడా అడుగు.

మామ
కొండప్ప